పొలమారితే ఎవరో తలుచుకున్నట్టేనా?

పళ్లు, చిగుళ్లు, నోటి సమస్యలపై పాఠకుల ప్రశ్నలకు డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: మా అత్తయ్యగారికి 74 ఏళ్లు. బీపీకి, షుగర్‌కి మాత్రలు వేసుకుంటారు. దవడ పళ్లు పోయి మొత్తం పదిహేను పళ్లు మిగిలాయి. ఆరేళ్ల కిందట తీసిపెట్టుకునే సెట్టు కట్టించాం. వదులైపోయిందని రెండేళ్లుగా దాన్ని ఫ్రిజ్ మీద డబ్బాలో పడేశారు. జంతికలు, వేరుశనగ గుళ్లు ఎప్పుడో మానేశారు. ఇప్పుడు కూర ముక్కలు కూడా పక్కన పెట్టి చారన్నం, మజ్జిగన్నం, టీలో ముంచిన రస్కుతో సరిపెట్టుకుంటున్నారు. ఏడాదిలో 58 కిలోల నుంచి 51కి వచ్చారు. వీధి చివరి గుడికి వెళ్లేలోపు రెండుసార్లు ఆగుతున్నారు. కాఫీ తాగుతుంటే తరచూ పొలమారుతోంది. రోజూ విష్ణు సహస్రనామం చదువుతారు, ఈమధ్య నాలుక తిరగడం లేదంటున్నారు. "ఈ వయసులో పళ్లకి డబ్బు తగలేయడం ఎందుకే, నీరసానికి ఏదైనా టానిక్ రాయించండి చాలు" అంటారు. మావారిదీ అదే మాట. పళ్లకీ నీరసానికీ నిజంగా సంబంధం ఉందా?
- ఒక కోడలు, ఏలూరు

జవాబు: ఉందమ్మా. టానిక్ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు మా నాన్నగారు కనిపించారు.

నేను తెనాలిలో 22 ఏళ్లుగా జనం పళ్లు చూస్తున్నదాన్ని. మా నాన్నగారు పప్పుచారులో ములక్కాడ ముక్కలు ఏరి కంచం అంచున పెడుతుంటే, చారు కుదరలేదేమో అనుకున్నాను. కాఫీ తాగుతూ పొలమారితే అమ్మ ఆయన నెత్తి మీద తట్టి, "బెంగుళూరులో చిన్నాడు తలుచుకుంటున్నట్టున్నాడు" అనేది. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని. ఏడాది తిరిగేసరికి ఆయన బాత్‌రూంలో పడ్డారు. తుంటి విరగలేదు గానీ, ఆస్పత్రిలో తూకం చూస్తే ఆరు కిలోలు తగ్గారు. అప్పుడు నోరు తెరవమన్నాను. కింది సెట్టు నాలుక తగిలితేనే లేచిపోతోంది. దాని కింద చిగురంతా ఒరుసుకుని ఎర్రగా ఉంది. "నీకసలే పని ఎక్కువ, చెప్పడమెందుకులే అనుకున్నా" అన్నారు.

పెద్దవయసులో ఒంట్లో సత్తువ కరిగిపోయే ఈ స్థితిని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. 2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్ బృందం దీనికి ఐదు గుర్తులు పెట్టింది. తగ్గాలనుకోకుండానే ఏడాదిలో నాలుగున్నర కిలోలకు మించి బరువు పోవడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, తిరుగుడు తగ్గిపోవడం. వీటిలో మూడుంటే ఫ్రెయిల్టీ వచ్చినట్టు, ఒకటి రెండుంటే ఆ దారిలో ఉన్నట్టు. మీరు రాసినదాంట్లోనే బరువు, నడక రెండూ ఉన్నాయి. ఆవకాయ సీసా మూత ఆవిడ తిప్పగలుగుతున్నారో లేదో ఒకసారి గమనించండి.

ఇందులో నోటి పాత్రను గట్టిగా పట్టించుకున్నది జపాన్ వాళ్లు. '80 ఏళ్లకి 20 పళ్లు' అని 1989లోనే ప్రచారం మొదలుపెట్టారు. అప్పట్లో అక్కడ 80 ఏళ్లవాళ్లలో పది మందికి ఒకరికైనా 20 పళ్లు ఉండేవి కావు. 2016 సర్వే నాటికి సగం మందికి పైగా ఉన్నాయి. టోక్యో దగ్గర కషివా అనే ఊళ్లో 2012 నుంచి సుమారు 2,000 మంది పెద్దవాళ్లని గమనిస్తూ వచ్చారు. నమలడం, మింగడం, నాలుక బలం వంటివాటిలో మూడు చోట్ల వెనకబడినవాళ్లకి తర్వాతి ఏళ్లలో ఫ్రెయిల్టీ రావడం, వీటిలో ఒక్క లోపమూ లేనివాళ్లతో పోలిస్తే 2.4 రెట్లు ఎక్కువగా కనిపించింది. అలాగని పళ్లు పోవడమే మొత్తానికి కారణం అనలేం. ఒంట్లో ఓపిక లేనివాళ్లు పళ్లు సరిగా తోముకోలేరు కూడా, అందుకని ఇది రెండు వైపులా నడిచే వ్యవహారం.

2024లో వాళ్లే ఇంట్లో అడిగి తెలుసుకోదగ్గ ఐదు ప్రశ్నలు ఖాయం చేశారు. పళ్లు 20 కన్నా తక్కువున్నాయా? ఆరు నెలల కిందటితో పోలిస్తే గట్టివి నమలడం కష్టమైందా? టీ, సూపు తాగుతుంటే పొలమారుతోందా? నోరు ఎండుతోందా? మాట స్పష్టత తగ్గిందా? రెండింటికి అవునంటే నోటి బలహీనత ఉన్నట్టే లెక్క. మీ ఉత్తరంలో నాలుగు ఉన్నాయి. నోరు ఎండే సంగతి ఒక్కటే మీరు రాయలేదు.

సహస్రనామం మాట చదివి నేను ఆగిపోయాను. జపాన్‌లో పెద్దవాళ్ల చేత 'ప', 'త', 'క' ఒక్కో అక్షరాన్నీ విడిగా గబగబా పలికించి లెక్కపెడతారు. సెకనుకి ఆరుసార్లు కూడా అనలేకపోతే నాలుక, పెదవులు మందగించాయని అర్థం. మనం బళ్లో నేర్చుకున్న ఓష్ఠ్యాలు, దంత్యాలు, కంఠ్యాలు ఇవే కదా! 'ప'కి పెదవులు, 'త'కి నాలుక కొస, 'క'కి నాలుక వెనక భాగం పనిచేయాలి. ముద్దని కూడగట్టి గొంతులోకి తోసేది కూడా అవే. అందుకే నాలుక తిరగకపోవడాన్నీ పొలమారడాన్నీ వేరువేరుగా చూడకండి. పారాయణం మానొద్దని చెప్పండి. మనసులో కాకుండా పైకి, నోరారా చదవమనండి.

ఇక తిండి. నమల్లేనప్పుడు ముందుగా కంచంలోంచి పోయేవి గుగ్గిళ్లు, వేరుశనగలు, మాంసం, పచ్చికూరలు, పళ్లు. మిగిలేది మెత్తటి అన్నం. కడుపు నిండుతుంది గానీ కండకి ఏమీ అందదు. పెద్దవయసులో కిలో బరువుకి రోజుకి గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు ప్రొటీన్ కావాలంటారు. ఆవిడకి 50 నుంచి 60 గ్రాములన్నమాట. చారన్నం, రస్కులతో అందులో సగం చేరడం కూడా కష్టం. ముద్దపప్పు, నానబెట్టి రుబ్బిన పెసరట్టు, గడ్డ పెరుగు, పనీర్ తురుము, తింటే మెత్తగా ఉడికిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, ఇవన్నీ పళ్లు లేకపోయినా దిగుతాయి. షుగర్ ఉంది కాబట్టి కిడ్నీల పరీక్ష చూసుకుని, డాక్టరుని అడిగి పెంచండి. సెట్టు పెట్టించినంత మాత్రాన తిండి దానంతటదే మారదు. రెండేళ్లు చారన్నానికి అలవాటుపడినవాళ్లు కొత్త సెట్టుతోనూ చారన్నమే తింటారు, నేను చూస్తూనే ఉన్నాను.

ఏడు కిలోలు తగ్గడాన్ని పళ్ల మీదికే నెట్టేయకండి. షుగర్ అదుపు తప్పినా, థైరాయిడ్, టీబీ, క్యాన్సర్, దిగులు ఉన్నా బరువు పోతుంది. ముందు ఆవిడ్ని చూసే డాక్టరుకి పొలమారే సంగతితో సహా చెప్పండి. తర్వాత ఆ డబ్బాలో సెట్టునీ, వాడే మాత్రలన్నింటినీ సంచిలో వేసుకుని దగ్గర్లోని పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పళ్లు పోయినచోట ఎముక ఏటేటా అరుగుతుంది, అందుకే సెట్టు వదులవుతుంది. కొన్నిసార్లు లోపల కొత్త లైనింగ్ వేస్తే సరిపోతుంది, మొత్తం మార్చక్కర్లేదు. ఖర్చు గురించి మీవారికి ఈ మాట చెప్పండి. మాత్రలెందుకంటే, ఎలర్జీకి, మూత్రానికి, నిద్రకి ఇచ్చే కొన్ని మందులు నోరు ఎండగొడతాయి. మీరే మానిపించకండి, అడగండి చాలు.

కాఫీ మాత్రం పడక్కుర్చీలో వాలి తాగనివ్వకండి. నిటారుగా కూర్చుని చిన్న గుక్కలుగా తాగాలి. పొలమారడంతోపాటు జ్వరం, దగ్గు వస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 81. పక్షవాతంతో మంచం మీదే ఉన్నారు. నోట్లో ఒక్క పన్ను లేదు, జావ పడుతున్నాం. పళ్లే లేనప్పుడు నోరు శుభ్రం చేయాలా?
- ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: చేయాలండీ. నోట్లో పెరిగే క్రిములు లాలాజలంతోపాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు చూశారు. నోటి శుభ్రత ప్రత్యేకంగా చేసినవాళ్లలో 11 శాతం మందికి, చేయనివాళ్లలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. పళ్లు లేనివాళ్లకీ మేలు జరిగింది.

జావ పట్టాక వెంటనే పడుకోబెట్టకండి, అరగంటైనా తల వైపు ఎత్తి ఉంచండి. మెత్తటి తెల్లగుడ్డని వేలికి చుట్టి, నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, చిగుళ్లు, బుగ్గల లోపల, అంగిలి, నాలుక తుడవండి. ఎక్కడైనా తెల్లమచ్చ గానీ, రెండు వారాలు దాటినా మానని పుండు గానీ కనిపిస్తే డాక్టరుకి చూపించండి. ఆయన ఇంతకుముందు చుట్ట తాగేవారైతే, అందులోనూ మీ వైపు అలవాటున్న అడ్డపొగ (నిప్పు ఉన్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం) అయితే, అంగిలిని టార్చి వేసి మరీ చూడండి.