పాత మారియో ఆటల్లో ఏది గొప్ప? నా ఓటు మూడోదానికే

పాత మారియో వీడియో గేముల్లో ఏది గొప్పదని అడిగిన మీ ప్రశ్నలో "చిన్నప్పటి మోజు పక్కన పెట్టి చెప్పండి" అని ఒక షరతు పెట్టారు చూడండి, అది చూసే రాయడానికి కూర్చున్నాను. మీ రూమ్‌లో ఒకరు సూపర్ మారియో బ్రదర్స్ 3 అంటున్నారు, ఇంకొకరు సూపర్ మారియో వరల్డ్ అంటున్నారు, మూడో ఆయన మొదటి మారియోని మించింది పుట్టలేదంటున్నారు. నా ఓటు మారియో 3కి. చిన్నప్పుడు నేను ఆ ఆట మొహం కూడా చూడలేదు కాబట్టి మోజుతో చెబుతున్నానని ఎవరూ అనలేరు.

మా చిన్నతనం అంటే 1996, 97 ప్రాంతం. ఎండాకాలం సెలవులకి తెనాలిలో పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లేవాళ్లం, అక్కడ అన్నయ్యకి ఒక టీవీ గేమ్ ఉండేది. జపాన్‌లో 1983లో నింటెండో కంపెనీ తెచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ మెషిన్‌కి నకలు అది. మన ఊళ్లలో అప్పట్లో చాలామంది ఇళ్లలో ఉన్నవి అవే, పైన పేరు ఏదైనా లోపల సరుకు ఒకటే. దాంతోపాటు ఒక పసుపు రంగు క్యాసెట్, దాని మీద 9999999 ఇన్ 1 అని గొప్పగా రాసి ఉండేది, తీరా పెడితే పట్టుమని పది ఆటలు ఉండవు, అవే తిరిగి తిరిగి వస్తుంటాయి. లిస్టులో మారియో 4, మారియో 7, మారియో 12 అని కనిపించేవి. నొక్కితే అన్నీ ఆ మొదటి మారియోనే, కాకపోతే ఒకటి మూడో వరల్డ్ (అంటే నాలుగు లెవెల్స్ కలిపిన ఒక భాగం) నుంచి మొదలవుతుంది, ఇంకొకటి ఐదో వరల్డ్ నుంచి. మాకేం తెలుసు? సెలవులయ్యాక స్కూల్లో "మేం మారియో పన్నెండు దాకా ఆడేశాం" అని కోతలు కోశాను. నన్ను మించిన ఇంకొకడు పద్నాలుగు దాకా ఆడానన్నాడు.

కాబట్టి నాకు మోజు అంటూ ఉంటే అది మొదటి మారియో మీదే ఉండాలి. ఉంది కూడా. 1985 సెప్టెంబర్ 13న జపాన్‌లో వచ్చిన ఆట అది, మొత్తం కలిపి 40 కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మ కంటే చిన్నది! అంత చిన్న చోట్లో 32 లెవెల్స్ పట్టించడానికి వాళ్లు ఎంత పొదుపు చేశారంటే, పైన మేఘం, కింద పొద, రెండూ ఒకటే బొమ్మ, తెల్ల రంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. ఇది తెలిశాక వెళ్లి చూడండి, ఇన్నేళ్లూ కళ్ల ముందే ఉన్నదాన్ని ఎలా చూడలేదా అని మీకే నవ్వొస్తుంది.

మాకు బాగా తెలిసిన విద్య 3-1 (మూడో వరల్డ్ మొదటి లెవెల్) చివర మెట్ల మీద తాబేలు చిప్పని తొక్కుతూ లైఫ్‌లు పెంచుకోవడం. ఒకరోజు మధ్యాహ్నం అన్నయ్య పందెం కట్టి, బొటనవేలు వాచేదాకా తొక్కించి, లైఫ్‌ల దగ్గర అంకెలు పోయి ఏవో పిచ్చి గుర్తులు వచ్చేదాకా పెంచాడు. ఇంక ఈ జన్మకి మనకి చావు లేదురా అన్నాడు. తర్వాతి లెవెల్‌లో ఒక్క గుంటలో పడ్డాడు, అంతే, గేమ్ ఓవర్. ఆ రోజు అడాప్టర్ వేడెక్కి అలా అయిందని తీర్మానించి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పి, మేం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, లైఫ్‌లు 127 దాటితే ఆటలో లెక్క మైనస్‌లోకి పోతుందట, ఆ తర్వాత ఒక్కసారి చచ్చినా అయిపోయినట్టే. పాపం అడాప్టర్‌ది ఏ తప్పూ లేదు.

ఇంత ప్రేమ ఉన్నా అది బెస్ట్ అని ఎందుకు అనను? ఐదో వరల్డ్ నుంచి సరుకు అయిపోయింది. 5-3 అంటే 1-3కే బుల్లెట్లు తగిలించినది, 7-2 అంటే 2-2 నీళ్లలోనే ఇంకొన్ని అడ్డంకులు, 6-4 కోట 1-4 కోటకి అన్నగారు. చోటు లేక చేశారు, అర్థం చేసుకోవచ్చు, కానీ ఆడుతుంటే తెలిసిపోతుంది. పైగా తెర వెనక్కి జరగదు, ఒక నాణెం వదిలేసి నాలుగడుగులు ముందుకు వేస్తే దాన్ని మర్చిపోవాల్సిందే.

మారియో 2 అనేవి రెండున్నాయి, ఎవరూ ఓటు వేయలేదు కాబట్టి త్వరగా తేల్చేస్తాను. జపాన్‌లో 1986లో వచ్చింది మొదటి ఆటనే కక్షగట్టి కష్టం చేసినట్టుంటుంది: విషపు పుట్టగొడుగు, మనల్ని తోసేసే గాలి, వెనక్కి తీసుకెళ్లిపోయే దొంగదారులు. అమెరికా వాళ్లకి ఇది మరీ కష్టమని ఆపేసి, డోకి డోకి ప్యానిక్ అనే వేరే ఆటలో బొమ్మలు మార్చి 1988లో అక్కడ మారియో 2గా అమ్మారు. ముల్లంగి పీకినట్టు నేలలోంచి కూరగాయలు పీకి విసరడమే అందులో పని. మంచి ఆటే, రాకుమారి గాల్లో తేలడం నాకిష్టం, కానీ మారియో అనిపించదు.

ఇక అసలు విషయానికొస్తే, మారియో 3 నేను మొదటిసారి చూసింది 2005లో, హైదరాబాద్ హాస్టల్‌లో, ఒక సీనియర్ అన్న కంప్యూటర్‌లో. జపాన్‌లో 1988 అక్టోబర్‌లో, అమెరికాలో 1990లో వచ్చిన ఆట, నా చేతికి వచ్చేసరికి పదిహేనేళ్లకి పైగా పాతది. పక్క రూమ్‌లో అందరూ తుపాకులు పట్టుకుని కౌంటర్ స్ట్రైక్ ఆడుతున్నారు. సరే చూద్దామని కూర్చున్నవాణ్ణి తెల్లారేదాకా లేవలేదు.

రెండో వరల్డ్ ఎడారి. అందులో ఒకచోట పైన సూర్యుడు మొహం ముడుచుకుని కూర్చుని ఉంటాడు. బ్యాక్‌గ్రౌండ్‌లో బొమ్మ అనుకుని నా దారిన నేను పోతున్నాను. కాసేపటికి ఆ సూర్యుడు వణకడం మొదలుపెట్టి, గింగిరాలు తిరుగుతూ నా మీదకి దూకాడు! రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ చూసినవాళ్లం మనం, సూర్యుడికి మన మీద పగ ఉందని మనకి ఎప్పటినుంచో అనుమానమే, దాన్ని ఆటలో పెట్టినవాడు జపాన్‌వాడు. చచ్చాను, కానీ పడీపడీ నవ్వాను. ఆ ఆటంతా ఇలాగే ఉంటుంది. నాలుగో వరల్డ్‌లో అన్నీ భూతద్దంలో చూసినట్టు పెద్దవి, తాబేలు మన కంటే ఎత్తు. ఐదో వరల్డ్ మూడో లెవెల్‌లో ఒక ఆకుపచ్చ బూటు దొరుకుతుంది, అందులో దూరి గెంతుకుంటూ ముళ్ల మీద కూడా పోవచ్చు, మహా సరదాగా ఉంటుంది. ఆ బూటు ఆ ఒక్క లెవెల్‌లోనే. ఇంకెక్కడా రాదు. వేరేవాళ్లయితే అలాంటిది దొరికితే ఇరవై లెవెల్స్‌కి సాగదీసేవాళ్లు. వీళ్లు ఒక్కసారి రుచి చూపించి తీసేశారు. చాలా లెవెల్స్ నిమిషం, నిమిషంన్నరలో అయిపోతాయి, ఒక్కో లెవెల్‌కి ఒక్కో ఆలోచన, అది అవగానే తర్వాతది.

సూపర్ మారియో వరల్డ్‌కి ఓటేసిన మీ స్నేహితుడు ఇక్కడ ఏమంటాడో నాకు తెలుసు, ఎందుకంటే మా హాస్టల్‌లో కూడా ఒకడు అదే అన్నాడు. సూపర్ మారియో వరల్డ్ 1990 నవంబర్‌లో కొత్త మెషిన్‌తో పాటు వచ్చింది, రంగులు బాగుంటాయి, మారియో ఎక్కి తిరిగే డైనోసార్ యోషి ఉంది, ఆట సేవ్ అవుతుంది, 96 దారులున్నాయి, మ్యాప్‌లో రహస్యాల మీద రహస్యాలు. అన్నీ నిజమే. దెయ్యాల కొంపల్లో తలుపు ఎక్కడుందో వెతకడం నాకు కూడా చాలా ఇష్టం. రహస్యాల లెక్కలో అయితే వరల్డ్‌కే మార్కులు వేస్తాను, అందులో వాదన లేదు.

కానీ అందులో మారియోకి ఎగరడానికిచ్చే ఆ కేప్ ఉంది చూశారా, అది ఆటని పాడు చేసింది. ఒకసారి పైకి లేచి, బటన్‌ని కొద్దికొద్దిగా వెనక్కి లాగుతూ ఉంటే లెవెల్ మొత్తం మీద నుంచి ఎగురుకుంటూ పోవచ్చు. కింద పాపం ఎంతో కష్టపడి పెట్టిన శత్రువులు, పైపులు, గుంటలు అన్నీ రైలు కిటికీలోంచి చూసినట్టు వెళ్లిపోతుంటాయి. "నువ్వు వాడకు, ఎవడు వాడమన్నాడు" అంటాడు మావాడు. చేతిలో ఉన్నదాన్ని వాడకుండా ఆడాల్సి వస్తే అది ఆట తప్పా, నా తప్పా? మారియో 3లో ఎగిరే శక్తినిచ్చే ఆకు దొరికినా ఎగరడానికి పరుగెత్తే చోటు కావాలి, తెర కింద బాణం గుర్తులు ఆరూ నిండి పి అనే అక్షరం వెలగాలి, ఎగిరినా కొద్దిసేపే, తర్వాత దిగాల్సిందే. మొదటి లెవెల్‌లోనే ఆకు చేతికిచ్చి, ఆ వెంటనే పరుగెత్తడానికి ఖాళీ నేల చూపిస్తారు, ఎవరూ ఏమీ చెప్పరు, మనమే పరుగెత్తుతాం, మనమే లేస్తాం, పైన మేఘాల్లో నాణేలు కనిపిస్తాయి.

మారియో 3లో అన్నిటికంటే నాకు నచ్చేది ఆ సంచి. దారిలో దొరికిన ఆకులు, పూలు, నక్షత్రాలు సంచిలో దాచుకుని లెవెల్‌లోకి వెళ్లేముందు కావాల్సింది తీసి వాడుకోవచ్చు, వాడితే అయిపోతుంది. మొదటి వరల్డ్ అయ్యాక రాకుమారి ఉత్తరంతో పాటు పి వింగ్ పంపిస్తుంది, అది వేసుకుంటే ఆ ఒక్క లెవెల్ అంతా ఎగరొచ్చు. ఒకే ఒక్కటి. ఇప్పుడు వాడాలా, ముందుకి దాచాలా? చుట్టాలొస్తే వేద్దామని మా అమ్మ బీరువాలో దాచిన కొత్త దుప్పటి గతే దానికి కూడా. ఎనిమిదో వరల్డ్ చివర గేమ్ ఓవర్ అయినప్పుడు సంచిలో అది అలాగే ఉంది. ఈ టెన్షన్ సూపర్ మారియో వరల్డ్‌లో రాదు, అక్కడ పైన పెట్టెలో ఒక వస్తువు ఉంటుంది, పోతే ఇంకోటి తెచ్చుకుంటాం, ఎలాగూ సేవ్ ఉంది.

మారియో 3లో లోపాలు లేవని కాదు. ఎనిమిది వరల్డ్‌లున్న ఆటకి సేవ్ లేకపోవడం అప్పట్లో దారుణం, ఆ రోజుల్లో తెనాలిలో మా చేతికి అది దొరికి ఉంటే ఆరో వరల్డ్‌లో ఉండగా కరెంటు పోయేది, నాకు అనుమానం లేదు. ఏడో వరల్డ్ పైపుల గోల నాకు విసుగు. ఎనిమిదో వరల్డ్ ట్యాంకుల లెవెల్‌లో తెర తనంతట తను నింపాదిగా జరుగుతుంది, మనం దాని వెనకాల ఆటోలో కూర్చున్నట్టు కూర్చోవాలి.

రెండేళ్ల క్రితం మా తోడల్లుడు అమెరికా నుంచి వస్తూ పిల్లలకి స్విచ్ అనే నింటెండో గేమ్ మెషిన్ తెచ్చాడు. అందులో ఆన్‌లైన్ చందా కడితే ఈ పాత ఆటలన్నీ వస్తాయి. మా అమ్మాయి నాలుగో తరగతి అప్పుడు, తనకి పాత జ్ఞాపకాల బరువేమీ లేదు కదా అని మొదటి మారియో, 3, వరల్డ్ మూడూ వరసగా పెట్టి ఊరుకున్నాను. మొదటిది పది నిమిషాలు ఆడి, వెనక్కి ఎందుకు వెళ్లదు అని వదిలేసింది. వరల్డ్ ఆడింది, యోషికి గుడ్డులోంచి వచ్చిన ప్రతిసారీ పేరు పెట్టింది, నాలుగు రోజులకి చాలనుకుంది. మారియో 3 దగ్గర మాత్రం మొదటి రోజే ఆపి అడిగింది, "ఆకాశం మీద నీడ పడుతుందేంటి నాన్నా?" అని.

నేను అన్నేళ్లు ఆడి గమనించనిది అది. ఆ ఆటలో దిమ్మెల నీడ వెనకున్న ఆకాశం మీద పడుతుంది. దిమ్మెలకి మూలల్లో మేకులుంటాయి, ఆట మొదట్లో తెర లేస్తుంది, లెవెల్ చివర మారియో నల్లటి పక్కవైపులోకి నడిచి వెళ్లిపోతాడు. అంటే అదంతా స్టేజీ మీద నడిచే నాటకం, ఆకాశం వెనక కట్టిన గుడ్డ. అది నిజమేనని ఆట తయారు చేసిన షిగెరు మియామోటో 2015లో ఒక వీడియోలో ఒప్పుకున్నాడు. 1-3లో తెల్ల దిమ్మె మీద కాసేపు కూర్చుని ఉంటే మారియో ఆ సీనరీ వెనక్కి జారిపోతాడు, అలా వెనకనుంచే చివరిదాకా పరుగెత్తితే దొంగదారి చూపించే ఈల దొరుకుతుంది. మా పెద్దమ్మ మమ్మల్ని ఒకసారి సురభి నాటకానికి తీసుకెళ్లినప్పుడు నేను, అన్నయ్య తెర వెనకకి దూరి చూడబోయి తిట్లు తిన్నాం, ఇక్కడ అదే పనికి ఈల బహుమతి.

అమ్మాయి ఇప్పుడు ఏడో వరల్డ్‌లో ఉంది. నాకు విసుగనిపించిన ఆ పైపులు తనకి తెగ నచ్చాయి. ఒక లెవెల్‌లో నిన్న పదకొండుసార్లు పోయింది. సంచిలో పి వింగ్ ఉందిగా వాడుకోమ్మా అంటే, "అది లాస్ట్‌కి నాన్నా" అని నా చేతిలోంచి రిమోట్ లాక్కుంది.