బాబు ఏడుస్తున్నాడని టికెట్ బుక్ చేయకండి సార్

పరకాల నుంచి ఒక తండ్రి పంపిన మెసేజ్ ఇది, కాస్త కుదించి పెడుతున్నాను: "మా బాబు ఎంఎస్‌కని జర్మనీ వెళ్లి 16 రోజులైంది. ఎప్పుడు ఫోన్ చేసినా ఏడుపే. బ్లాక్డ్ అకౌంట్‌లో 12 లక్షల దాకా వేశాం, అయినా చేతిలో డబ్బుల్లేవంటాడు. మా తోడల్లుడి కొడుక్కి అమెరికా వెళ్లిన నెలకే పార్ట్‌టైం దొరికింది. మావాణ్ని వెనక్కి పిలిపించాలా? వచ్చే ఏడు పాపను ఎటు పంపాలి, జర్మనీకా అమెరికాకా?"

సార్, అక్టోబరు వచ్చిందంటే నాకు ఇలాంటి మెసేజ్‌లు వరసపెట్టి వస్తాయి. పిలిపించకండి. చదువు రాక ఏడుస్తున్నాడా అంటే క్లాసులు మొదలయ్యేదే ఇప్పుడు. కాగితాల దగ్గర చిక్కుకున్నాడు, అంతే.

బ్లాక్డ్ అకౌంట్ అంటే ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి లాక్ చేసే ఖాతా. అందులో మీరు వేసిన 11,904 యూరోలు ఎక్కడికీ పోలేదు. నెలకు 992 చొప్పునే బయటికి వస్తాయి, అదీ అక్కడ తన పేరు మీద మామూలు బ్యాంకు ఖాతా తెరిచాక. ఖాతాకు చాలా బ్యాంకులు అడ్రస్ రిజిస్ట్రేషన్ అడుగుతాయి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు, దానికేమో ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం కావాలి. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయించుకోవాలని రూల్, కానీ పెద్ద ఊళ్లలో ఆఫీసు స్లాటే దొరకదు. మన మీసేవకు పొద్దున్నే పోయి లైన్లో నిలబడ్డట్టు కుదరదు. స్లాట్ బుక్ చేసిన మెయిల్ జాగ్రత్తగా పెట్టుకోమనండి. అప్పటిదాకా ఖర్చులకు ఇక్కడి ఫారెక్స్ కార్డులో కొంచెం వేయండి.

ఇంకొకటి, నవ్వకండి. లెటర్‌బాక్స్ మీద తన పేరుందా అని అడగండి. పోయినేడు కాజీపేట అమ్మాయి ఒకామె బ్యాంకు కార్డు కోసం మూడు వారాలు చూసి చూసి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. తీరా చూస్తే బాక్సు మీద పాత కిరాయిదారు పేరే ఉంది! అక్కడ పోస్టుమ్యాన్ ఫ్లాట్ నంబరు చూడడు, పేరు చూస్తాడు, లేకపోతే ఉత్తరం వెనక్కే. నోట్‌బుక్కులో కాగితం చింపి ఇంటిపేరు రాసి టేపుతో అంటించింది. తర్వాతి వారం కార్డు వచ్చింది, పిన్ నంబరు ఇంకో కవర్లో వచ్చింది. ఇన్సూరెన్స్ కార్డు, ట్యాక్స్ నంబరు, అన్నీ ఆ డబ్బాలోకే రావాలి.

మొదటి ఆదివారం కూడా అంతే. శనివారం రాత్రి దిగిన పిల్లలకు తెల్లారి స్టేషన్ దగ్గర తప్ప షాపులుండవని ఎవరూ చెప్పరు, అమ్మ కట్టిచ్చిన సకినాలు తిని నల్లా నీళ్లు తాగి పడుకుంటారు. ఆ రోజు ఇల్లు గుర్తురాని పిల్లాడుంటాడా?

ఇప్పుడు మీ సంగతి, కోపం తెచ్చుకోకండి. రోజుకు ఎన్నిసార్లు వీడియో కాల్ చేస్తున్నారు? మీరొకసారి, వాళ్లమ్మ రెండుసార్లు, మధ్యలో మేనత్త, అందరిదీ ఒకటే ప్రశ్న, తిన్నావా, జాబ్ చూసుకున్నావా. తోడల్లుడి కొడుకు మాట బాబు ముందు కూడా అనే ఉంటారు. అమెరికాలో ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద మొదటి ఏడాది క్యాంపస్ బయట పని చేయకూడదు, లోపలైనా క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే. ఆ అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడో నేనైతే అడగను. జర్మనీలో ఏడాదికి 140 రోజులు చేసుకోవచ్చు, అయితే 16 రోజులకే ఎవరిస్తారు సార్?

అలాగని జర్మనీని నేను మోస్తున్నానని అనుకోకండి. హన్మకొండలో ఏ సందులోకి పోయినా 'ఫ్రీ ఎంఎస్' బోర్డులే, చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మనవాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు ఉంది, ప్రైవేటు యూనివర్సిటీలైతే ఇంకా గట్టిగానే లాగుతాయి. అసలు దెబ్బ భాష దగ్గర. కోర్సు ఇంగ్లిష్‌లోనే, కానీ చదువయ్యాక జాబ్ వెతుక్కోవడానికి ఇచ్చే 18 నెలల్లో జర్మన్ రాని పిల్లలు పడే తిప్పలు నేను చూస్తూనే ఉన్నాను. ఎ1 సర్టిఫికెట్టుతో, అంటే జర్మన్‌లో మొట్టమొదటి మెట్టుతో, బ్రెడ్డు కొనుక్కోవచ్చు, ఇంటర్వ్యూలో కూర్చోలేరు. బాబును ఇప్పుడే యూనివర్సిటీ జర్మన్ క్లాసులో చేరమనండి, నలుగురు పరిచయమవుతారు కూడా.

తినడం, నిద్ర మానేసి రోజుల తరబడి గదిలోంచి బయటికి రాకపోతే మాత్రం వేరే మాట. చాలా ఊళ్లలో స్టుడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవల సంస్థ వాళ్ల దగ్గర కౌన్సెలర్లుంటారు, సిగ్గుపడకుండా వెళ్లమనండి.

పాప విషయానికొస్తే, అమెరికాలో చదువయ్యాక పని చేసుకునే ఓపీటీ అనుమతి 12 నెలలు, సైన్స్, ఇంజినీరింగ్ లాంటి స్టెమ్ కోర్సులకు మరో 24, కానీ అక్కడ అప్పు బరువు వేరు. ఆమెను అడిగారా అసలు? మీ మెసేజ్‌లో ఆమె మాట ఒక్కటీ లేదు. ఆమెను తీసుకుని రండి, మాట్లాడదాం.

ఈ రాత్రికి మాత్రం ఒక్కటే కాల్ చేయండి. మీకు తొమ్మిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. జాబ్ మాట ఎత్తకండి. పేరు అంటించిన లెటర్‌బాక్స్ ఫొటో పెట్టమనండి చాలు.