8 టీబీ డిస్క్ పెట్టినా స్థలం పెరగలేదా?

ఒకే డేటాను రెండు డిస్కుల్లోనూ ఉంచే రెయిడ్ 1 (మిర్రర్)లో ఒక 4 టీబీ డిస్క్ తీసి 8 టీబీది పెట్టినా స్థలం 3.6 టీబీ దగ్గరే ఆగిపోయిందన్నారు. డిస్క్‌లో లోపమేం లేదండీ. మిర్రర్‌లో చిన్న డిస్క్ ఎంతో మొత్తం స్థలమూ అంతే, కాబట్టి రెండోదీ మార్చాల్సిందే.

ముందు బయటి డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయండి. రీబిల్డ్ (కొత్త డిస్క్‌లోకి డేటా మళ్లీ కాపీ కావడం) నడిచినంతసేపూ డేటా ఒక్క డిస్క్ మీదే ఉంటుంది. మొదటి రీబిల్డ్ పూర్తయి స్టేటస్ 'హెల్దీ' అని చూశాకే రెండో పాతది లాగండి. దాన్ని చెరిపేయకుండా పక్కన పెట్టండి, అవసరపడొచ్చు. సెకనుకు 150 ఎంబీ వేగమున్నా 4 టీబీకి 7 గంటలు దాటుతుంది. ఎస్‌ఎంఆర్ (డేటా ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత ఎక్కి ఉండే రకం) డిస్కయితే ఇంకా ఎంతో సమయం లాగుతుంది, ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్‌దే కొనండి.

రెండూ మారాక కూడా పాత సైజే కనిపిస్తే అర్రేని (రెండు డిస్కులూ కలిసిన జతని), ఆ తర్వాత దానిమీద ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్‌ని మీరే విస్తరించాలి. చివరికి 7.2 టీబీ పైచిలుకు చూపిస్తే సరిగ్గానే ఉన్నట్టు, డిస్క్ మీద రాసేది 1000 లెక్క, తెరమీద చూపేది 1024 లెక్క.