భక్తి రసమా, భావమా: మీ ఎంఏ ప్రాజెక్టు సందేహానికి సమాధానం

కావ్యశాస్త్రం రాసిన మమ్మటుడు దేవుడి మీది రతిని (ప్రేమను) భావం దగ్గరే ఆపేశాడు, అంటే అది రసం (కావ్యం వల్ల కలిగే ఆస్వాదన) స్థాయికి రాదన్నాడు, వైష్ణవ ఆచార్యుడు రూప గోస్వామి మాత్రం భక్తినే అసలైన రసం అన్నాడు, ప్రాజెక్టులో ఎవరి మాట రాయాలి అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి, ఇద్దరిదీ రాయండి. తీర్పు చెప్పడం మీ పని కాదు. వాళ్లు ఎక్కడ విడిపోయారో చూపిస్తే చాలు.

అసలు తేడా రసం ఎవరిలో పుడుతుంది అన్నదాంట్లో ఉంది. రస సిద్ధాంతాన్ని వివరించిన అభినవగుప్తుడి దారిలో నడిచిన ఆలంకారికులకు (కావ్యశాస్త్రజ్ఞులకు) అది సహృదయుడిది, అంటే రసజ్ఞుడైన ప్రేక్షకుడిది లేదా పాఠకుడిది. యశోద కృష్ణుణ్ణి రోటికి కట్టే ఘట్టం చూసి అతను ఆనందిస్తాడు, కానీ ఆ పిల్లాడు అతనికి ఏమీ కాడు. రూప గోస్వామి దగ్గర కృష్ణరతే (కృష్ణుడి మీది ప్రేమే) స్థాయీభావం, అంటే రసంగా పండే మూల భావం. అది యశోదలో ఉంది, ఆమె అడుగుజాడల్లో నడిచే భక్తుడిలోనూ ఉంది. అంటే చూసేవాడు కూడా లీలలో చేరిపోతాడు. 1541లో పూర్తయిన భక్తిరసామృతసింధువులో ముఖ్య రసాలు ఐదు: శాంతం, దాస్యం, సఖ్యం, వాత్సల్యం, మధురం. దాస్య సఖ్యాలను ఆయన ప్రీతం, ప్రేయం అంటాడు. ఈ ఐదింటిలో ఎక్కువ భాగం చుట్టరికాల్లా వినిపించడానికి కారణం, భక్తుడు కూడా లీలలో చేరిపోవడమే.

13వ శతాబ్దపు పండితుడు వోపదేవుణ్ణి తప్పకుండా చేర్చండి. దేవగిరిలో రాసిన ముక్తాఫలంలో ఆయన భక్తిని నవరసాలతో అప్పటికే ముడిపెట్టాడు.

ఒక్క జాగ్రత్త. మీరు ఉదాహరణలు పోతన భాగవతం నుంచి తీస్తానన్నారు. బాగుంది, కానీ పోతన 15వ శతాబ్దం వాడు, రూప గోస్వామికి ముందే రాశాడు. కాబట్టి పోతన ఈ సిద్ధాంతాన్ని పాటించాడని మాత్రం రాయకండి.