స్టెరాయిడ్ మీదున్న కుక్క తూలుతుంటే

చి. సింధూకి,

మీ కుక్క బ్రూనో తల ఒక పక్కకి వాల్చి తూలుతున్నాడని, వాడికిచ్చే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ డోసు పెంచమందామా అని అడిగావు. వద్దు తల్లీ, ముందు పరీక్షలు.

రక్తహీనతకి నెలల తరబడి వేస్తున్న ఆ మందూ, సైక్లోస్పోరినూ బ్రూనో ప్రాణం నిలబెట్టాయి, నిజమే. కానీ రోగనిరోధక శక్తిని అణచేస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కని సాధారణంగా ఏమీ చెయ్యని ఫంగస్ కూడా అప్పుడు మెదడు దాకా పోగలదు. నాకు ముందుగా తోచే పేరు క్రిప్టోకాకస్. పావురాల రెట్టలో పెరుగుతుంది. ఎండిన రెట్ట దుమ్ముతో ముక్కులోకి వెళ్లి, అక్కణ్ణుంచి మెదడుకీ కళ్లకీ పాకుతుంది. అమీర్‌పేటలో మీ బాల్కనీ ఏసీ వెనక పావురాలు ఎన్నాళ్లుగా గూడు కట్టుకున్నాయో చూశాను కదా!

తల వాలడానికి కారణం చెవి లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు, పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా కావచ్చు. అవీ చూడాలి. ఫంగస్ అయితే మాత్రం, స్టెరాయిడ్ పెంచితే వాపు తగ్గి రెండు రోజులు తేరుకున్నట్టే ఉంటాడు, లోపల జబ్బు ముదురుతుంది. నాకు భయం అదే. అలాగని మాత్రలు నువ్వే ఆపెయ్యకు, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

రేపే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లు. వాడుతున్న మందుల చీటీలు, నడక వీడియో చూపించు. రక్తంలో క్రిప్టోకాకస్ యాంటిజెన్ పరీక్ష అడుగు. అది ఫంగస్ పైపొరని పట్టుకుంటుంది కాబట్టి మనుషుల ల్యాబ్ కిట్ కుక్క రక్తానికీ పనికొస్తుంది. కంటి లోపల రెటీనా చూడమను. పరీక్షకి వెన్నులోంచి నీరు తియ్యాలంటే ముందు ఎంఆర్ఐ చేయించమంటారు. మెదడులో ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు సూది గుచ్చితే ప్రమాదం. ఖర్చుంది, నేను సర్దుతాను.

ఫంగస్ అని తేలితే సాధారణంగా ఫ్లూకోనజోల్ ఇస్తారు, అది మెదడులోకి బాగా చేరుతుంది. జబ్బు తీవ్రంగా ఉంటే యాంఫోటెరిసిన్, దానికి కిడ్నీల మీద కన్నేసి ఉంచాలి. మందులు నెలల తరబడి నడుస్తాయి, కుక్క హుషారయిందని మధ్యలో ఆపకూడదు. మెడికల్ షాపులో నువ్వే ఫ్లూకోనజోల్ కొని మొదలుపెట్టకు. అది రక్తంలో సైక్లోస్పోరిన్ స్థాయిని పెంచేస్తుంది.

వాడి నుంచి మీకు అంటదు. కానీ ఆ రెట్ట దుమ్ము మీకూ మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, నీళ్లతో బాగా తడిపి తీయించు, తర్వాత నెట్ కట్టించు. షుగరున్న అమ్మని ఆ పనికి దించకు.

ఫిట్స్ వచ్చి 5 నిమిషాలు దాటితే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తు, దారిలో నాకు ఫోన్ చెయ్యి.

బాబాయ్