స్ఫీనాయిడ్‌లోని ఆ గోడను నమ్మకు

చి. అమ్మాయికి,

పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే గ్రంథి) కేసు ముక్కులోంచి ఎండోస్కోప్‌తో నువ్వే సొంతంగా చేస్తున్నావని తెలిసింది. ఎంత సంతోషమేసిందో అంత గుబులూ పట్టుకుంది.

పొజిషన్, ముక్కులో పట్టీలు, నావిగేషన్ సరిచూసుకోవడం నీకు కొత్త కాదు. కోయనా (ముక్కు వెనక గొంతులోకి తెరుచుకునే ద్వారం) పైఅంచుకు సుమారు ఒకటిన్నర సెంటీమీటరు పైన, ముక్కులోని పై మడత సుపీరియర్ టర్బినేట్‌కు లోపక్కన ఆస్టియం, అంటే ముక్కు వెనకున్న స్ఫీనాయిడ్ ఎముకలోని గాలి గదికి (సైనస్‌కి) ద్వారం, దొరుకుతుంది. దాన్ని కిందివైపుకి తొందరపడి పెంచకు. స్ఫీనోపాలటైన్ ధమని సెప్టల్ కొమ్మ అక్కడే అడ్డంగా పోతుంది. అది తెగితే రక్తం కారడంతోనే పోదు, ఆ పక్క నేసోసెప్టల్ ఫ్లాప్ (ముక్కు నడిమి గోడ మీంచి లేపే పొర) కూడా పనికిరాదు. రేపు సీఎస్‌ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) లీకైతే దేనితో మూస్తావు?

ఇక నా అసలు భయం. స్ఫీనాయిడ్ తెరవగానే లోపల ఒక సెప్టమ్, అంటే ఆ గదిని విడదీసే ఎముక గోడ, కనిపిస్తుంది. అదే నడిమధ్య అనుకుని దాని వెంట పోవడం పాత తప్పు, ఇప్పటికీ జరిగే తప్పు. ముందు మధ్యలోనే మొదలవుతుంది, వెనక్కి పోయేకొద్దీ పక్కకి ఒరిగి కరోటిడ్ (మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) మీది ఎముకకే అతుక్కుంటుంది. మైక్రోస్కోప్ రోజుల్లో సీ-ఆర్మ్ ఎక్స్‌రే పక్కచిత్రం ఎంత పైకి, ఎంత లోతుకి వెళ్లామో చెప్పేది కానీ, కుడికి పోయామా ఎడమకి పోయామా చెప్పేది కాదు. పైగా ఒక ముక్కురంధ్రంలోంచి పోతే చూపు తెలియకుండానే అవతలి పక్కకి తిరుగుతుంది. నడిమధ్యకి ముక్కు నడిమి గోడ వెనక ఎముక వోమర్‌నీ, స్ఫీనాయిడ్ ముందు మొన రోస్ట్రమ్‌నీ, రెండు పక్కల ఆస్టియాలనీ నమ్ము.

ఆ సెప్టమ్‌ని పట్టుకుని మెలితిప్పావో, ఎక్కడ విరుగుతుందో నీ చేతిలో ఉండదు. మొదలు దగ్గరే ఊడితే ధమని మీది పల్చటి ఎముక దానితోపాటే వస్తుంది. కొందరికి అక్కడ ఎముకే ఉండదు. కట్టింగ్ ఫోర్సెప్స్‌తో కొద్దికొద్దిగా కొరుకు, మిగిలిన మొదలుని డైమండ్ బర్‌తో, నీళ్లు పోస్తూ అరగదీయి.

సీటీ రిపోర్టు చదివి ఊరుకుంటావేమో, ఒప్పుకోను. యాక్సియల్ (అడ్డుకోత), కరోనల్ (ముందునుంచి చూసే కోత) ఫిల్ములు నువ్వే చూడు. కరోనల్‌లో స్ఫీనాయిడ్‌ని పైకీ కిందకీ విడదీసే పడక గోడ కనిపిస్తే పైది ఓనోడీ సెల్ (స్ఫీనాయిడ్ మీదికి చొచ్చుకొచ్చిన పక్క సైనస్ గది) కావచ్చు, ఆప్టిక్ నర్వ్ (కంటి నరం) అందులోనే ఉండొచ్చు.

డ్యూరా (మెదడు మీది గట్టి పొర) కోసేముందు సెల్లా (పిట్యూటరీ కూర్చునే ఎముక గుంట), దాని కింద క్లైవల్ గుంట, అటూ ఇటూ కరోటిడ్ ఉబ్బులు, పైన ఆప్టిక్ ఉబ్బులు, ఆ రెండింటి మధ్య పక్క గుంట, ఒక్కొక్కటే పైకి చెప్పు. సైనస్ సరిగా విచ్చుకోకపోతే ఇవేవీ కనబడవు. అప్పుడు డాప్లర్ (ధమని ఎక్కడుందో రక్తప్రవాహం చప్పుడుతో చెప్పే పరికరం) లేకుండా ముందుకెళ్లకు. ఆక్రోమెగలీ (గ్రోత్ హార్మోన్ ఎక్కువై వచ్చే జబ్బు) అయితే కరోటిడ్‌లు మెలికలు తిరిగి దగ్గరగా వచ్చి ఉండొచ్చు, మరీ జాగ్రత్త.

తొడ కూడా క్లీన్ చేసి డ్రేప్ చేయించు. కొవ్వుకే కాదు, కరోటిడ్ తెగితే నలిపి అదమడానికి కండరం అక్కడే దొరుకుతుంది. అలాంటప్పుడు రెండో సర్జన్ రెండో సక్షన్‌తో పక్కనే ఉండాలి, బీపీ పడిపోకూడదు. రక్తం ఆగిందని సంబరపడకు, వెంటనే యాంజియోగ్రామ్‌కి పంపు. తర్వాత సూడో అన్యూరిజమ్ (ధమని గోడ చిరిగిన చోట ఏర్పడే రక్తపు ఉబ్బు) రావచ్చు గనక మళ్లీ ఒకసారి తీయించు.

భయపెడుతున్నానని అనుకోకు తల్లీ. నీ చేయి నెమ్మదైనది, నాకు తెలుసు. ముందురోజు కడుపునిండా తిని పడుకో. పడుకునే ముందు ఫోన్ చేసి, సెప్టమ్ ఏ పక్క కరోటిడ్ మీదికి పోయిందో నాకు చెప్పు.