ఓపినెల్, విక్టోరినాక్స్, హిగోనోకామి: రోజూ జేబులో ఉండేది ఏది?

"పండ్లు కోసుకోవడానికి, పార్సిళ్లు విప్పడానికి పాతకాలపు తరహా మడత కత్తి ఒకటి కొనాలనుకుంటున్నాను. ఓపినెల్ నంబర్ 8, విక్టోరినాక్స్ కాడెట్, జపాన్ హిగోనోకామి... వీటిలో ఏది మేలు? వాడినవాళ్లు చెప్పండి" అని అడిగారు కదా.

మూడూ నా దగ్గర ఉన్నాయి, మూడూ బాగా వాడాను. ఒక్కటే కొంటానంటే విక్టోరినాక్స్ తీసుకోండి. మూడింటిలో నాకు ఇష్టమైనది మాత్రం అది కాదు. అదేం మాట అంటారా, చెప్తాను.

నేను చదువు కోసం రెండేళ్లు ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఉన్నాను. ఓపినెల్ పుట్టిన సవోయ్ ప్రాంతం అక్కడికి పక్కనే. మా క్లాసులో ఆ కొండ ఊళ్ల కుర్రాడొకడు మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే జేబులోంచి ఓపినెల్ తీసేవాడు. దాంతోనే జున్ను, దాంతోనే ఆపిల్, చివర్లో రొట్టె ముక్కతో బ్లేడు తుడిచి, ఆ ముక్క నోట్లో వేసుకుని, కత్తి మడిచి జేబులో పెట్టేసేవాడు. అది చూస్తే నాకు మా తాతయ్యే గుర్తొచ్చేవాడు. ఆయన దగ్గర కొమ్ము పిడి చాకు ఒకటుండేది. పొద్దున్న వేపపుల్ల కొయ్యాలన్నా, భోజనమయ్యాక తమలపాకు తొడిమలు తుంచాలన్నా అదే. పంచె మడతలోంచి తీసేవాడు, పని కాగానే అక్కడికే చేర్చేవాడు.

సరే, నేనూ ఒకటి కొన్నాను. అక్కడ అది షోకు వస్తువు కాదు, సుత్తులూ మేకులూ అమ్మే కొట్లో కూడా దొరుకుతుంది. 1890లో జోసెఫ్ ఓపినెల్ అనే పద్ధెనిమిదేళ్ల కుర్రాడు తన తండ్రి కొలిమిలో చేసిన డిజైన్ అది. ఇప్పటికీ పెద్దగా మారలేదు. నంబర్ 8లో ఉన్నవి ఐదే భాగాలు: బ్లేడు, బీచ్ చెక్క పిడి, రివెట్, పిడి మెడ చుట్టూ ఒక పట్టీ, ఆ పట్టీ మీద తిరిగే రింగు. ఆ రింగు 1955లో వచ్చింది. కత్తి తెరిచి రింగు తిప్పితే బ్లేడు వేళ్ల మీదికి మడతపడదు. బ్లేడు మీద కిరీటం పెట్టిన చెయ్యి బొమ్మ ఉంటుంది. అది సెయింట్ జాన్ చెయ్యి, వాళ్ల పక్క ఊరి చర్చిలో ఆయన వేలి ఎముకలు ఉన్నాయని నమ్మకం.

ఇక కోత సంగతి. బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, వీపు దగ్గర కూడా రెండు మిల్లీమీటర్ల మందం ఉండదు. ఆ పలచదనంలోనే ఉంది దాని గొప్పంతా. మందం బ్లేడు ఎంత పదునున్నా జామకాయను సగం దాకా కోసి, తర్వాత చీల్చేస్తుంది, టప్‌మని రెండు ముక్కలవుతుంది. ఓపినెల్ అలా కాదు, అవతలి తొక్క దాకా చప్పుడు లేకుండా దిగిపోతుంది. బంగినపల్లి చెంపలు టెంక అంచునే కోసి తియ్యడానికి దీన్ని మించింది నేను చూడలేదు. కొనేవాళ్లు స్టీలు పేర్ల గురించి తెగ టెన్షన్ పడతారు గానీ, ముందు చూడాల్సింది బ్లేడు మందం అని నా అభిప్రాయం.

గ్రెనోబుల్‌లో అంతా బాగానే ఉంది. కాకినాడ తీసుకొచ్చాకే మొదలైంది.

నాది కార్బన్ స్టీలు రకం. ఇంటికొచ్చిన మొదటి వేసవిలో పచ్చి మామిడికాయ కోసి, ఉప్పూ కారం అద్దుకుంటూ కూర్చున్నాను. కాయ అయ్యేలోపే బ్లేడు నీలంగా, తర్వాత బూడిద రంగులోకి తిరిగింది. చివరి ముక్కల్లో ఇనుప వాసన. పులుపు తగిలితే కార్బన్ స్టీలు అంతే, నల్లబడుతుంది. ఆ నలుపు బాగా పట్టాక వాసన తగ్గుతుంది, తుప్పు కూడా కాస్త నెమ్మదిస్తుంది. అందుకని నేను రెండు నెలలు ఓపిగ్గా నిమ్మకాయలూ ఉల్లిపాయలూ దాంతోనే కోసి, బ్లేడంతా ఒక్క తీరున నలుపు తెప్పించాను. ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి అది వెండి గరిటెలా మెరుస్తోంది. "నీ కత్తి మసి పట్టిపోయింది రా, తోమి పెట్టాను" అంది అమ్మ. పీచు, గిన్నెలు తోమే పొడి పెట్టి రుద్దేసింది. అంతకుముందు రాత్రంతా అంట్ల గిన్నెలతో పాటు సింకులో నానబెట్టిందట కూడా.

నలుపు పోతే పోయింది, మళ్లీ తెచ్చుకోవచ్చు. చెక్క సంగతే అసలు గొడవ. బీచ్ చెక్క నీళ్లు తాగితే ఉబ్బుతుంది, బ్లేడు కూర్చునే సందు దాన్ని రెండు వైపులా పట్టేస్తుంది. గోరు విరిగింది గానీ కత్తి తెరుచుకోలేదు. సవోయ్ వాళ్ల చిట్కా ఒకటుంది, పిడి వెనక కొసను బల్ల మీద ఠంగుమని కొడితే బ్లేడు కాస్త బయటికి వస్తుంది. మామూలు బిగుతుకి పనిచేస్తుంది, మన వానాకాలపు బిగుతుకి చెయ్యలేదు. మూడు రోజులు ఫ్రిజ్ వెనక వెచ్చగా ఆరబెట్టి, పట్టకారుతో లాగి తెరిచాను. సందులో గరుకు కాగితం మడిచి రుద్ది, రివెట్ దగ్గర కొవ్వొత్తి మైనం కరిగించి పోస్తే దారికొచ్చింది. ఇప్పటికీ జూలై వస్తే కాస్త మొరాయిస్తుంది.

హిగోనోకామి కథ వేరు. ఒసాకా వెళ్లొచ్చిన సహోద్యోగి తెచ్చిచ్చాడు. హిగో అనేది ఇప్పటి కుమమోటో ప్రాంతపు పాత పేరు, కానీ ఈ కత్తి తయారయ్యేది హ్యోగో రాష్ట్రంలోని మికి అనే ఊళ్లో. ఒకప్పుడు జపాన్ బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్నది దీంతోనే. ఇత్తడి రేకును మడిస్తే పిడి అయిపోయింది. లాక్ లేదు, స్ప్రింగు కూడా లేదు. బ్లేడు వెనక చిన్న తోకలాంటి మీట ఉంటుంది, చికిరి అంటారు. దాన్ని బొటనవేలితో నొక్కి తెరవాలి, కోస్తున్నంతసేపూ ఆ వేలు అక్కడే నొక్కి పట్టాలి. ఏమరుపాటున వేలు తీస్తే బ్లేడు వదులవుతుంది. నా చూపుడువేలు మీద గీత ఆ పాఠం గుర్తే.

అయితే పదునులో మిగతా రెండూ దీని ముందు దిగదుడుపే. గట్టి స్టీలును మెత్తటి ఇనుము మధ్యలో పెట్టి సాగగొట్టిన రకం నాది. సానబట్టడం కూడా తేలిక, కోణం చూసుకోవాల్సిన పనే లేదు. బ్లేడు చెంపను రాయి మీద పూర్తిగా పరిచి, నీళ్లు చల్లుకుంటూ రుద్దడమే. రివెట్ వదులైతే చిన్న సుత్తితో రెండు దెబ్బలు. ఇష్టమైనది ఏదంటే నాకు ఇదే. కానీ ఇత్తడి కదా, చెమట చేత్తో పట్టుకుంటే పాత బిందె మోసినట్టు వేళ్లకి వాసన అంటుకుంటుంది. ఆ చేత్తో పండు తినబుద్ధి కాదు. అందుకే అది నా రాతబల్ల సొరుగులో ఉంటుంది, పెన్సిళ్లు, కవర్లు, అట్టలు దాని వంతు.

జేబులో మిగిలింది కాడెట్. విక్టోరినాక్స్ పేరెలా వచ్చిందో చాలామందికి తెలీదు. స్విస్ సైన్యానికి 1891 నుంచి కత్తులిచ్చిన కార్ల్ ఎల్సెనర్ తల్లి పేరు విక్టోరియా. 1909లో ఆవిడ పోయాక ఆ పేరే సంస్థకి పెట్టుకున్నాడు. తుప్పు పట్టని స్టీలు వచ్చాక, 1921లో దాని ఫ్రెంచి పేరులోని "ఇనాక్స్" కలిపారు. మడిస్తే 84 మిల్లీమీటర్లు, పిడి గరుకు అల్యూమినియం, తాళాల గుత్తిలో కలిసిపోతుంది. సింకులో నానినా, వానలో తడిసినా, అమ్మ తోమినా దానికేం కాదు. లాక్ లేదు గానీ వీపు స్ప్రింగు బ్లేడును బాగానే పట్టి ఉంచుతుంది. మొనతో పొడిచే పనులు మాత్రం చెయ్యకండి.

లోపం ఏమిటంటే స్టీలు కాస్త మెత్తన. వారం రోజులు అట్టపెట్టెలు కోస్తే పదును తగ్గుతుంది. అందుకు రాయి కూడా వెతుక్కోనక్కర్లేదు. పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు లేని అంచు మీద అటో పది, ఇటో పది సార్లు తేలిగ్గా లాగండి. మళ్లీ టమాటా తొక్క మీద నిలబడుతుంది. ఆఫీసులో నేను చేసేది అదే, పక్క సీటువాళ్లు వింతగా చూస్తారు.

లాగ్యోల్ అనే ఫ్రెంచి మడత కత్తి సంగతి మీరు అడగలేదు గానీ, వెతికేటప్పుడు కళ్లకి కనిపిస్తుంది కాబట్టి ఒక మాట. అది బ్రాండు కాదు, ఒక ఊరి పేరు, ఒక ఆకారం పేరు. వీపు మీద ఈగో తేనెటీగో ఉన్న ప్రతిదీ మంచి కత్తి అనుకుని డబ్బు పెట్టకండి. ఫ్రాన్స్‌లో కత్తి కానుకగా ఇస్తే పుచ్చుకున్నవాళ్లు ఒక నాణెం తిరిగిస్తారు, లేకపోతే స్నేహం తెగుతుందట. మనవాళ్లు ఉప్పు చేతికివ్వరు చూడండి, ఆ బాపతే.

చట్టం గురించి క్లుప్తంగా. మన ఆయుధ నియమాల్లో లైసెన్సు పరిధిలోకి వచ్చేవి 9 అంగుళాల కన్నా పొడవైన, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పైన బ్లేడు ఉన్నవి, అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి మినహాయింపు. ఈ మూడూ దాని దరిదాపుల్లో లేవు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే రకాల జోలికి మాత్రం వెళ్లొద్దు. విమానంలో చేతి సంచిలో పెడితే తీసేసుకుంటారు, లగేజీలో వెయ్యండి. బ్రిటన్‌లో ఉండేవాళ్లయితే ఓపినెల్ జేబులో వేసుకుని తిరక్కండి. అక్కడ సరైన కారణం లేకుండా దగ్గర పెట్టుకోగలిగేది మూడు అంగుళాల లోపు, లాక్ లేని మడత కత్తి మాత్రమే. కాడెట్ అందులోకి వస్తుంది.

ఇంత విన్నాక కూడా ఓపినెల్ మీదే మనసుంటే, కొనేటప్పుడు బ్లేడు మీద ఏం చెక్కి ఉందో చూడండి. "కార్బోన్" అని ఉంటే నా కథే మీదీ. "ఇనాక్స్" అని ఉన్నది తీసుకోండి, కోత దాదాపు అంతే, మామిడికాయకి నల్లబడదు. పిడి మాత్రం రెండిట్లోనూ చెక్కే, కాబట్టి ఇంట్లోవాళ్లకి సింకు సంగతి ముందే చెప్పి పెట్టుకోండి.